బోర్డులో పట్టని మనిషి

1976 ఆగస్టు 9, సోమవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు నేను ఒక మనిషిని కత్తిరించమని చెప్పాను. అప్పుడు నా చేతిలో స్కేలు ఉంది. ఎక్కడ కోయాలో పెన్సిలుతో గీత గీసిందీ నేనే. గీత వంకర పోకుండా వచ్చిందని ఆ పూట నాకు తృప్తిగా కూడా ఉండింది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, పని ఎలా ఉంటుందో రాసి ఇమ్మని అడిగారు. నేను 1958 నుంచి 1986 దాకా ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఎవరిని దాటిపోయారో రాయను. అవి మీకు ఎలాగూ చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటి ఉంది, అది రాస్తాను.

పని కొలత

తిరుపతిలో మా ఆఫీసు. ఒక వ్యాను, ఒక డ్రైవరు, ఆర్టిస్టు మునస్వామి, నేను. పేరున్న శాస్త్రవేత్తల జీవితాలను బోర్డుల మీదికి ఎక్కించి, జిల్లాలో ఊరూరా బడి వరండాల్లో నిలబెట్టడం మా పని. ఒక్కో జీవితానికి పద్నాలుగు బోర్డులు. బోర్డు మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. ఒక్కో బోర్డు మీద అరవై మాటలు మించకూడదు, మించితే పిల్లలు చదవకుండా దాటిపోతారు. పద్నాలుగు అరవైలు ఎనిమిది వందల నలభై. డెబ్బయ్యేళ్ళు బతికిన మనిషైతే ఏడాదికి పన్నెండు మాటలు. ఈ లెక్క వేసుకుని చూస్తే మీకే తెలుస్తుంది, ఈ పనిలో రాసేది కొంచెం, వదిలేసేదే ఎక్కువ. వదిలేయడంలోనే మనం మంచివాళ్ళమో చెడ్డవాళ్ళమో తేలుతుంది. ఇది నాకు పద్దెనిమిదేళ్ళ సర్వీసు తర్వాత తెలిసింది.

మొదట్లో చేసిన తప్పు ఇంకొకటి చెబుతాను. చేరిన మూడేళ్ళలో ఏడుగురు శాస్త్రవేత్తల జీవితాలు తయారు చేశాను. ఏడుగురిలో ఐదుగురు వీధిదీపం కింద చదువుకున్నారని రాశాను. నాకు దొరికిన స్మారక సంచికల్లో అలాగే ఉంది. ఐదోది రాస్తుండగా కలం ఆగింది. ఐదూళ్ళలో రెండూళ్ళకు ఆ కాలంలో వీధిదీపాలే లేవు. అప్పటినుంచి స్మారక సంచికను సాక్ష్యంగా తీసుకోవడం మానేశాను అనుకున్నాను. పూర్తిగా మానలేదు. అదీ ముందు ముందు వస్తుంది.

డాక్టరుగారి మేనల్లుడు

1976లో మాకు అప్పగించిన జీవితం పాముకాటు మందు మీద పనిచేసిన ఒక పెద్ద శాస్త్రవేత్తది. ఆయన పేరు ఇక్కడ రాయను. మన జిల్లాలో బడికి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలుసు, పైగా తప్పు ఆయనది కాదు. డాక్టరుగారు అంటే చాలు. ఆయన పరిశోధనశాల వేరే రాష్ట్రంలో ఉండేది గాని, విషం కోసం ఏటా వానలు వెలిశాక నగరి కొండల దగ్గరికి వచ్చి నెలా రెండు నెలలు గుడారం వేసుకుని ఉండేవారు. అప్పటికి ఆయన పోయి పన్నెండేళ్ళు.

జూలై 14, బుధవారం, చిత్తూరులో ఆయన మేనల్లుడు భక్తవత్సలంగారి ఇంటికి వెళ్ళాను. కోర్టు గుమాస్తాగా చేసి విరమించిన మనిషి. మామిడికాయల కాలం అయిపోవస్తోంది, వరండా నిండా గడ్డి పరిచి కాయలు మాగేశారు. వాటిని తొక్కకుండా లోపలికి పోవడానికే అయిదు నిమిషాలు పట్టింది.

వీధిదీపం సంగతి అడిగితే ఆయన పడీపడీ నవ్వారు.

"మా మామకు వీధిదీపమా? వాళ్ళ నాయన మామిడికాయల మండీ పెట్టినోడమ్మా. ఇంట్లో మూడు పెట్రోమాక్సు లైట్లు ఉన్నింది. మామ సదివింది తక్కువ, బల్లుల్ని పట్టి సీసాలో ఏసింది ఎక్కువ."

ఇలాంటి మనిషి దొరికితే ఈ పనిలో పండగ. రెండు గంటలు కూర్చుని పదకొండు పేజీలు రాసుకున్నాను. లేవబోతుంటే గోడ మీద నుంచి ఒక ఫోటో దింపి చేతికిచ్చారు. నల్లచట్రం, వెనక గోధుమరంగు కాగితం అతికించి ఉంది. గుడారం ముందు ఇద్దరు మనుషులు నిలబడ్డారు. కుడివైపు కోటు తొడుక్కుని డాక్టరుగారు. ఎడమవైపు పంచె ఎగగట్టిన ఒక మనిషి, చేతిలో మూతికి గుడ్డ కట్టిన కుండ. డాక్టరుగారి చెయ్యి ఆ మనిషి భుజం మీద ఉంది.

పక్కన ఎవరని అడిగాను.

"ఎవరో కూలోడమ్మా. గుడారం కాడ పన్జేసినోడు."

నా నోటుబుక్కులో ఇప్పటికీ ఉంది: "పక్కన, కూలి మనిషి, పేరు తెలియదు." ఆ కింద "ఫోటో ఒకటి, చట్రంతో సహా, తిరిగి ఇవ్వవలెను" అని రాసి సంతకం పెట్టి ఆ కాగితం ఆయనకిచ్చాను. ఆ సంతకం పెట్టినందుకు నేను చాలా పద్ధతిగల దాన్నని అనుకున్నాను.

పదకొండు గంటల పది నిమిషాలు

ఆగస్టు పదిహేనున ప్రదర్శన మొదలు కావాలి. మా అధికారి రంగనాథంగారు కోస్తా నుంచి వచ్చినవారు, నిదానస్తులు. ఆయనకు ఒక నమ్మకం ఉండేది. అసలు ఫోటో, అసలు ఉత్తరం, అసలు సంతకం బోర్డు మీద ఉంటేనే జనం విలువిస్తారని, నకళ్ళు పెడితే సినిమా పోస్టరులా చూసి వెళ్ళిపోతారని. అందుకని అసలువాటినే మైదాబంకతో అతికించేవాళ్ళం. ఈనాటి పిల్లలు నమ్మరు. తిరుపతిలో ఏ స్టూడియోకి ఇచ్చినా రెండు రోజుల్లో నకలు తీసి ఇచ్చేవాళ్ళు. అడగాలని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు.

ఆరో బోర్డు డాక్టరుగారు నగరిలో పనిచేసిన కాలానిది. ఒక పక్క రాత, ఒక పక్క కొండల మ్యాపు, పాముల బొమ్మలు, వాటి మధ్య సందులో ఫోటో. ఫోటోకు నేను కేటాయించిన జాగా రెండుంపావు అంగుళాల వెడల్పు. చట్రం విప్పాక ఫోటో నాలుగంగుళాలుంది.

"మేడం, ఈ పక్కనోడుంటే పట్టదు," అన్నాడు మునస్వామి.

"తీసేయ్."

"దొర సెయ్యి వాడి మింద ఉండాది కదా. సెయ్యి తెగుతుంది."

"మణికట్టు దగ్గర నల్లరంగు వేసి కోటులో కలిపేయ్."

అంతే మా మాటలు. గడియారం చూసి నోటుబుక్కులో టైము వేసుకున్నాను, ఏ బోర్డు పని ఎప్పుడు మొదలైందో రాయడం నా అలవాటు. మునస్వామి కత్తెర పెట్టాడు. మందమైన అట్ట కావడంతో కరకరమని శబ్దం వచ్చింది. వెనక బంక పూసి ఆరో బోర్డు మీద అతికించాడు. దాని కింద నేను రాసి పెట్టిన వాక్యం ఇది: "ప్రాణాలకు తెగించి పాములను స్వయంగా పట్టి విషం సేకరించిన ధీరుడు." ఆ వాక్యం స్మారక సంచికలోది. వీధిదీపాన్ని నమ్మనిదాన్ని ఈ వాక్యాన్ని ఎందుకు నమ్మానో ఇవాళ్టికీ చెప్పలేను. వినడానికి బాగుంది, అందుకే అనుకుంటాను.

నగరి

అయిదు నెలలు ఆ బోర్డులు జిల్లా తిరిగాయి. 1977 జనవరి 20, గురువారం, నగరి హైస్కూలు వరండాలో పెట్టాం. ముందురోజు వ్యానుకు మైకు కట్టి నగరిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ వీధి వీధి తిప్పాం. "పాముమందు డాక్టరుగారి జీవితం, అరుదైన ఫోటోలతో" అని చెప్పించాం. ఆ మాటలూ నేను రాసినవే.

మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలంతా తరగతుల్లోకి పోయారు. పక్కవీధిలో మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి ఒకామె వరండా ఎక్కింది. చంకలో గుడ్డసంచి. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. ఒకటో బోర్డు నుంచి పద్నాలుగో బోర్డు దాకా ఒక్కో ఫోటో ముందూ నిలబడి చూసింది. మళ్ళీ వెనక్కి వచ్చి మొదటి నుంచి చూసింది. ఆరో బోర్డు దగ్గర ఆగిపోయింది. చాలాసేపు నిలబడింది.

చదువు రాదేమో, చదివి వినిపిద్దామని దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, మా నాయన యాడుండాడు?"

ఆమె డాక్టరుగారి ఫోటో చూసి పొరబడుతోందనుకున్నాను. ఈయన డాక్టరుగారమ్మా, మీ నాయన కాదు అని నెమ్మదిగా చెప్పాను.

"దొర తెలుసులేమ్మా. మా నాయన దొర పక్కన కదా ఉండేది. దొర బుజం మింద సెయ్యేసి పటం తీపించినాడని మా యమ్మ సెప్పేది." ఆమె వేలు పెట్టి చూపించింది. "ఇదో ఈ సెయ్యి. ఈ సెయ్యి యాడికి పోయింది?"

మునస్వామి వేసిన నల్లరంగు అయిదు నెలల ఎండకు పొరలు లేచింది. కోటు అంచు దాటి చాచిన చెయ్యి, మణికట్టు దగ్గర తెగి, స్పష్టంగా కనిపిస్తోంది. అయిదు నెలల్లో వేలమంది చూశారు. ఒక్కరూ అడగలేదు. నేను రోజూ చూశాను.

బడి బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆమే నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆమె పేరు చెంచమ్మ. యానాదుల మనిషి, కొండ దగ్గరి ఊరు నుంచి పొద్దున బయలుదేరి నడిచి వచ్చింది. వాళ్ళ నాయన పోలయ్య. డాక్టరుగారికి పాములు పట్టి ఇచ్చింది, విషం పిండేటప్పుడు పాము తల ఎట్లా పట్టుకోవాలో నేర్పింది ఆయనే. ఫోటో తీసిన మరుసటి నెలలో రక్తపింజరి కరిచి పోయాడు. అప్పటికి ఆ మందు తయారు కాలేదు. చెంచమ్మ అప్పుడు తల్లి కడుపులో ఉంది. ఫోటో ఒకటి పంపిస్తానని డాక్టరుగారు అన్నారట, వాళ్ళు గుడిసె మార్చుకుని వేరే చోటికి పోయారట, అది చేరలేదు. తల్లి పోయి రెండేళ్ళయింది. పోలయ్యను చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

సంచిలో ఏముందో కూడా చూపించింది. కొత్త పంచె, తువ్వాలు, పూలు, కర్పూరం. పెద్దలకు పెట్టేటప్పుడు పటం ముందు కొత్తబట్ట ఉంచుతారు. వీళ్ళకు పటం లేదు గనుక ఇన్నేళ్ళూ గోడకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ముందు పెడుతున్నారు. మైకులో ఫోటోలు అని వినగానే కొనుక్కుని వచ్చింది.

"ఈడ కర్పూరం ఎలిగించొచ్చో లేదో అని ఎనకాడతా ఉంటి. పూలన్నా పెట్టనిస్తారులే అనుకుంటి."

రెండో ముక్క తిరుపతిలో ఉంటుంది, వారంలో నేనే తెచ్చి ఇస్తానని చెప్పాను. ఎక్కడుందో తెలియకుండానే చెప్పాను. ఆమె సంచి మూతి ముడేసుకుని, పూలు మాత్రం వాడిపోతాయని ఆరో బోర్డు కింద నేల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ముక్క

ఆమె గేటు దాటకముందే మునస్వామిని అడిగాను, కోసిన ముక్క ఏమైందని.

"యాడికి పోలేదు మేడం. అట్ట గట్టిగా ఉన్నింది కదా, బంక పూసేదానికి పెట్టుకుంటి."

మా పనిలో మైదాబంకను బోర్డు మీద సమంగా పరచడానికి గట్టి అట్టముక్క కావాలి. బ్రష్షు అయితే గీతలు పడతాయి. ఎప్పుడూ ఏదో ఒక అట్ట వెతుక్కుంటూనే ఉంటాం. నా నోటుబుక్కు తీశాను. ఆగస్టు 12: "టైము చాలదు, తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు బంక పని నేనూ చేశాను." నా చేతులతోనే. ఆరు బోర్డులు. ఆ అట్టముక్కను నేనే పట్టుకుని, అంచు ఆనించి, కిందికీ పైకీ గీకాను. ఏ వైపు ముఖం ఉందో చూడలేదు.

అన్నం తినబుద్ధి కాలేదు. మునస్వామీ తినలేదు. "పారేసినా బాగుండు మేడం," అన్నాడు. "పారేస్తే యాడో ఒకసోట మొగమన్నా ఉండును."

జనవరి 22, శనివారం, తిరుపతి స్టోరు గదిలో బంక డబ్బా తిరగేశాం. అడుగున ఎండిన బంకలో ముక్క దొరికింది. పై మూడున్నర అంగుళాలు పిండిలా నలిగి ఊడిపోయింది. కింద రెండంగుళాలు మిగిలాయి. అందులో రెండు కాళ్ళు, పంచె కొస, కుండ పట్టుకున్న ఒక చెయ్యి.

ఆ పూటే ఆరో బోర్డు ఫోటోను ఎనామెల్ పళ్ళెంలో నీళ్ళు పోసి నలభై నిమిషాలు నానబెట్టి ఊడదీశాను. వెనక పెన్సిలు రాత ఉంది. పెన్సిలు గనుక చెరగలేదు. పై భాగంలో, ఎడమ నుంచి కుడికి ఫోటో వెడల్పంతా పరుచుకుని రాసిన అయిదు వరసలు. నేను గీసిన గీత దగ్గర అయిదూ తెగిపోయాయి. డాక్టరుగారి వైపు మిగిలింది ఇంతే:

నాతో ఉన్నది పో
నాకు పాము ప
నేర్పిన గు
మందు పేరు నా
కష్టం ఇత

మిగతాది ఎవరైనా పూరించగలరు. నేను పూరించలేదు. చూడనిది రాయకూడదు.

ఈ రాత నీకు కనిపించలేదా అని మునస్వామిని అడిగాను. "కనిపించింది మేడం. మీరు సదివేసినారని అనుకుంటి. మీరు సదవకుండా ఏదీ ఒదలరు కదా." అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. నాకున్న ఆ పేరే నా కళ్ళకు అడ్డం పడింది.

పిల్లలూ, ఫోటో ఏదైనా చేతికి వస్తే ముందు తిప్పి వెనక చూడండి. చట్రంలో ఉంటే చట్రం విప్పి చూడండి. నేను ముందువైపు పావు అంగుళం తేడా లేకుండా కొలిచాను. వెనకవైపు అసలు చూడలేదు.

గాజు

ఫోటో కింది అంచున స్టూడియో ముద్ర ఉంది. తిరుపతి స్టూడియోనే. ఆ కాలంలో నెగటివు గాజుపలక మీద ఉండేది. పలక ఉంటే కొత్త ఫోటో తీయవచ్చు. ఆదివారం అంతా నాకు ఆ ఆశే. సోమవారం, 24న, తొమ్మిదింటికే వెళ్ళి మూసిన తలుపుల ముందు నిలబడ్డాను.

స్టూడియో లేదు. ఫోటోలు తీసిన ఆయన ఎప్పుడో పోయాడు, కొడుకు అదే గదిలో దేవుడి పటాలు కట్టే అంగడి పెట్టుకున్నాడు. కొండకు వచ్చే యాత్రికులు కొనుక్కుపోయే చిన్న పటాలు. గోడ నిండా స్వామి.

పాత గాజుపలకలు ఉన్నాయా అని అడిగాను.

"మా నాయనవా? అటక నిండా ఉన్నింది. కడిగేసినామమ్మా."

కడగడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. "నాలుగేండ్ల కిందట అద్దం దొరకలేదు. పలకల్ని వేన్నీళ్ళల్లో సోడా ఏసి నానేస్తే మింద ఉండే నల్లదంతా ఊడొస్తుంది. సుబ్బరంగా అద్దం మాదిరి అవతాది. సరిగ్గా మన సిన్న పటం సైజు. ఒక్క ముక్క కొయ్యబన్లేదు."

"అందులో మనుషులున్నారు కదయ్యా," అన్నాను.

"ఇప్పుడు సామి ఉండాడు కదమ్మా. ఇంకా మంచిదే కదా."

ఆయన మాటలో వంకర లేదు. మంచిపని చేశాననే అనుకుంటున్నాడు. నేను కూడా ఆగస్టు 9న అలాగే అనుకున్నాను. గోడ మీద పటాలను ఒక్కొక్కటి చూశాను. ఒకదాన్ని దింపి వెలుతురుకు పెట్టి వాలుగా పట్టుకుని చూశాను, ఏదైనా జాడ ఉంటుందేమోనని. స్వామి తప్ప ఏమీ కనిపించలేదు. అంగడాయన నేను బేరం చూస్తున్నాననుకుని, అది మంచి పటమమ్మా, తీసుకోండి అన్నాడు.

పైవాళ్ళు

మిగిలిన ఫోటోకు ముందూ వెనకా నకళ్ళు తీయించి, దాన్ని మళ్ళీ చట్రంలో పెట్టి, చిత్తూరు వెళ్ళి భక్తవత్సలంగారికి జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆయన చట్రం తీసుకుని, "పోనీలేమ్మా, మామ బాగున్నాడు కదా. పక్కనోణ్ణి మేమే కత్తిరిద్దామని ఎన్నోసార్లు అనుకుంటిమి," అన్నారు. అంతకన్నా ఆయన తిట్టి ఉంటే ఇంటికి వచ్చి నిద్రపోయేదాన్ని.

రంగనాథంగారికి ఆరో బోర్డు మార్చాలని రాసి ఇచ్చాను. డాక్టరుగారి మీద మచ్చ వేస్తామా అన్నారు. డాక్టరుగారి సొంత రాతే ఇది అని నకలు చూపించాను. మూడు వారాలు ఆలోచించి ఒప్పుకున్నారు. "ధీరుడు" వాక్యం తీసేశాను. ఫోటో నకలు అతికించి, పక్కన అంగుళం ముప్పావు ఖాళీ వదిలి, కింద "ఇక్కడ ఉండవలసినవారు పోలయ్య, డాక్టరుగారికి పాములు పట్టడం నేర్పినవారు. ఈయన ఫోటోను మేము పాడుచేశాము" అని రాయించాను. రెండు నెలలు ఆ బోర్డు తిరిగింది. పిల్లలు ఆ ఖాళీ దగ్గరే ఎక్కువసేపు నిలబడేవాళ్ళు.

ఏప్రిల్‌లో తొమ్మిది రోజులు సెలవు పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఖాళీ లేదు. ఖాళీ చూడటానికి బాగాలేదని పైనుంచి ఎవరో అన్నారట. రంగనాథంగారు మునస్వామి చేత అక్కడ పడగ విప్పిన నాగుపామును వేయించారు. పోలయ్య పేరున్న వాక్యం మీద తెల్లరంగు పడింది. మనిషి నిలబడిన చోట పాము నిలబడింది. 1984లో బోర్డులు పాతబడ్డాయని లెక్కలోంచి కొట్టివేసేదాకా అలాగే జిల్లా తిరిగింది. నేను నాలుగుసార్లు రాసి ఇచ్చాను, నాలుగు కాగితాల మీదా "చూచితిని" అని సంతకం వచ్చింది. మునస్వామి మాత్రం ఆ పాముకు కళ్ళు వేయలేదు.

చెంచమ్మ ఇంటికి

ఇవన్నీ తర్వాతివి. చెంచమ్మకు ఇచ్చిన మాట ప్రకారం జనవరి 27, గురువారమే వెళ్ళాను. నగరి దాకా బస్సు, అక్కడి నుంచి నడక. రెండంగుళాల ముక్కను చిన్న చట్రంలో పెట్టించాను. దారిలో మూడుసార్లు వెనక్కి పోదామనుకున్నాను.

ఆమె గుడిసె బయట వేరుశనక్కాయలు ఒలుస్తోంది. చేతులు తుడుచుకుని చట్రం తీసుకుంది. జరిగింది అంతా చెప్పాను. కోయించింది నేనని, బంక పూసింది నేనని, పలక కడిగేశారని. ఆమె చట్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుండ పట్టుకున్న చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించి చూసుకుంది.

"బొటనేలు నా మాదిరే ఉండాది," అంది.

తలెత్తి నన్ను చూసింది.

"మొగం ఎట్లుండెమ్మా? నువ్వు సూసినావు కదా."

ఆ మాట నేను ఊహించలేదు. దారి పొడుగునా తిట్లకు సిద్ధపడ్డాను, ఏడుపుకు సిద్ధపడ్డాను. దీనికి కాదు. నిజమే, పోలయ్య ముఖం చూసినవాళ్ళలో బతికున్నది భక్తవత్సలంగారి ఇంటివాళ్ళు, మునస్వామి, నేను. వాళ్ళకది కూలోడి ముఖం. మునస్వామి గీత చూశాడు గాని ముఖం చూడలేదు. నేను చిత్తూరులో ఆ ఫోటోను రెండు చేతులతో పట్టుకుని చూశాను, తిరుపతిలో గంటసేపు బల్ల మీద పెట్టుకుని కొలిచాను. కళ్ళు మూసుకుని ఆలోచించాను. గుడారం గుర్తొచ్చింది. కుండ గుర్తొచ్చింది. కోటు గుండీలు ఎన్నో కూడా గుర్తొచ్చింది, నాలుగు. అంగుళం ముప్పావు వెడల్పు గుర్తొచ్చింది. మీసం ఉందో లేదో గుర్తు రాలేదు. నవ్వుతున్నాడో లేదో గుర్తు రాలేదు.

ఏదో ఒకటి చెప్పవచ్చు. నీలాగే ఉన్నాడమ్మా అంటే సరిపోయేది. ఆమె నమ్మేది. నోటి దాకా వచ్చింది. అది మరో వీధిదీపం అవుతుంది.

"గుర్తు లేదమ్మా," అన్నాను. "నేను సరిగ్గా చూడలేదు."

చెంచమ్మ తల ఊపింది. చట్రాన్ని లోపలికి తీసుకుపోయి, పసుపు రాసిన గోడ దగ్గర, కింద, కాళ్ళు ఉండవలసిన ఎత్తులో పెట్టింది. పైన గోడను ఖాళీగానే వదిలింది. సంచిలోని కొత్త పంచె తీసి ముందు ఉంచింది. నన్ను కూర్చోమంది, ఒలిచిన వేరుశనగ గింజలు దోసెడు పెట్టింది. తిన్నాను.

లెక్క ఇది. ఫోటో ఒకటి, నాలుగు అంగుళాల వెడల్పు, అయిదున్నర ఎత్తు. అందులో నశించినది అంగుళం ముప్పావు వెడల్పున మూడున్నర అంగుళాలు. గాజుపలక ఒకటి. పెన్సిలు రాత అయిదు వరసలు, అయిదిట్లోనూ సగం. ఒక భుజం. ఆ భుజం మీద డాక్టరుగారి చెయ్యి, మణికట్టు నుంచి. ఒక ముఖం.